400 డాలర్లలో ఫుల్‌సైజ్ 9 ఎంఎం పిస్టల్: కొనొచ్చు, కానీ 500 రౌండ్లు కాల్చేదాకా నమ్మకు

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ కదా: గ్రీన్ కార్డ్ వచ్చి ఏడాదయింది, టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఇల్లు కొన్నావ్, పక్క వీధిలో మనవాళ్ళింట్లో దొంగలు పడ్డాక మీ ఆవిడకి నిద్ర పట్టట్లేదు, 400 లోపు ఒక ఫుల్‌సైజ్ 9 ఎంఎం తీసుకుంటే షూటింగ్ రేంజ్‌లో నేర్చుకోడానికీ ఇంటి రక్షణకీ రెండిటికీ పనికొస్తుందా, లేకపోతే ఇంకో 200 వేసి పేరున్న గ్లాక్ కంపెనీదే కొనాలా అని. పనికొస్తుంది. కానీ చవక పిస్టల్ మంచిదా కాదా అనేది బ్రాండ్ పేరు చూసి తేలేది కాదు, నీ చేతిలో నీ తూటాలతో కాలిస్తేనే తేలుతుంది, అదెలా తేల్చుకోవాలో చెప్తా, కాస్త పెద్దదే అవుతుంది, కాఫీ పెట్టుకుని చదువు.

నా సంగతి ముందు చెప్పేస్తా. ఇండియాలో ఉన్నప్పుడు ఎన్‌సీసీ క్యాంపులో .22 రైఫిల్‌తో ఐదు రౌండ్లు కాల్చడం, అంతే నా అనుభవం. అక్కడ 9 ఎంఎం మామూలు మనిషికి లైసెన్స్ మీద కూడా రాదు, నిషిద్ధ బోర్ అంటారు, అంటే అనుమతి లేని తూటా సైజు, .32 తో సరిపెట్టుకోవాల్సిందే. ఇక్కడికొచ్చి గ్రీన్ కార్డ్ వచ్చాక 2012లో మొదటి పిస్టల్ కొన్నా, అప్పట్నుంచి నెలకి రెండు మూడు శనివారాలు రేంజ్‌లోనే, మనవాళ్ళు కొత్తగా ఎవరొచ్చినా నా పక్క లేన్‌లో నిలబెట్టి నేర్పిస్తుంటా. పోలీసునీ కాదు మిలిటరీవాడినీ కాదు, కోడ్ రాసుకునే వాడినే.

నీకు అవసరం లేదు గానీ నీ ఫ్రెండ్స్‌కి కూడా చూపిస్తానన్నావు కాబట్టి ఒక మాట. హెచ్1బీ, ఎల్1, స్టూడెంట్ వీసా ఇలా నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ కొనడం కాదు, చేత్తో పట్టుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, రేంజ్‌లో అద్దెకి తీసుకున్నా సరే. కొన్ని మినహాయింపులున్నాయి, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటే కుదురుతుంది, చాలామంది అలాగే చేస్తారు, కానీ ఆ లైసెన్స్ ఎక్స్‌పైర్ అయిన రోజున మళ్ళీ నేరమే, కాబట్టి లాయర్‌ని అడక్కుండా దిగొద్దని చెప్పు. ఇంకోటి, నీకు గ్రీన్ కార్డ్ ఉంది కదా అని హెచ్1బీ బావమరిది కోసం నీ పేరు మీద కొనకు. కొనేటప్పుడు షాపులో నింపే 4473 ఫారంలో అసలు కొనేది నువ్వేనా అని అడుగుతారు, అక్కడ అబద్ధం రాస్తే జైలూ తప్పదు, గ్రీన్ కార్డూ మిగలదు. 2022లో వచ్చిన చట్టంతో ఇలా ఇంకొకడి కోసం కొనడానికి 15 ఏళ్ళ దాకా శిక్ష పెట్టారు.

సరే అసలు విషయానికొద్దాం. మీ వీధిలో దొంగలు ఎవరూ లేనప్పుడు పడ్డారన్నావు కదా, మన ఇళ్ళల్లో బంగారం ఉంటుందని వాళ్ళకి తెలిసిపోయింది, పండగకో పెళ్ళికో అందరూ వెళ్ళినప్పుడే వస్తారు. అప్పుడు నీ పిస్టల్ ఏం చేస్తుంది చెప్పు, బంగారంతో పాటు అదీ పోతుంది. కాబట్టి ముందు బంగారం బ్యాంకు లాకర్లో పెట్టు, తలుపు ఫ్రేముకి మూడంగుళాల స్క్రూలు బిగించు, కెమెరా పెట్టు, ఇవన్నీ కలిపి పిస్టల్ కన్నా చవక. మీరు ఇంట్లో ఉండగా ఎవడైనా తలుపు పగలగొట్టుకుని వస్తే అన్న ఒక్క సందర్భానికే పిస్టల్. ఆ లెక్క మీ ఆవిడతో కూర్చుని మాట్లాడుకున్నాకే షాపుకెళ్ళు, ఆవిడకి ఇష్టం లేకుండా ఇంట్లోకి తేవద్దు.

ఫుల్‌సైజే ఎందుకంటే, షాపులో చిన్నది చేతిలో ముద్దొస్తుంది, జేబులో పట్టేంత ఉంటుంది, చాలామంది అది చూసి పడిపోతారు. చిన్న పిస్టల్ కాల్చడం కష్టం తమ్ముడూ. బరువు తక్కువ కాబట్టి చెయ్యి ఎక్కువ ఎగురుతుంది, చిటికెన వేలికి పట్టు దొరకదు, గురి చూసుకునే ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య దూరం తక్కువ కాబట్టి గురిలో చిన్న తేడా కూడా టార్గెట్ మీద పెద్దదైపోతుంది. నువ్వు నడుముకి పెట్టుకు తిరగాలనుకోవట్లేదు, ఇంట్లో సేఫ్‌లో ఉండేదానికి సైజు తగ్గించుకోవడం దేనికి. 4 నుంచి 4.5 అంగుళాల బ్యారెల్, 15 నుంచి 18 రౌండ్లు, అంటే తూటాలు, పట్టే మ్యాగజైన్, నాలుగు వేళ్ళూ పట్టే గ్రిప్, కింద లైటు బిగించుకునే రైలు, ఇవి ఉంటే చాలు. పైగా పెద్దదాని స్లైడు, అంటే తూటా ఎక్కించడానికి వెనక్కి లాగే పై భాగం, లాగడం చిన్నదాని కన్నా తేలిగ్గా ఉంటుంది, మీ ఆవిడ కూడా వాడాలంటే ఇది ముఖ్యం, చాలామంది ఆడవాళ్ళు నా వల్ల కాదని ఈ స్లైడు దగ్గరే వదిలేస్తారు, అసలు అది బలం విషయమే కాదు. ఎడం చేత్తో స్లైడు వెనక్కి లాగడం ఒక్కటే చెయ్యకుండా, స్లైడుని గట్టిగా పట్టుకుని కుడి చేత్తో గ్రిప్‌ని ముందుకి తోస్తే మా అమ్మాయే చేసేస్తుంది.

ఆ రేటులో దొరికేవి చూస్తే, టారస్ జీ3 అని బ్రెజిల్ కంపెనీది, 2019లో వచ్చింది, 4 అంగుళాల బ్యారెల్, షాపుల్లో సుమారు 300కి అటూ ఇటూ దొరుకుతుంది. దాంట్లో ఒక సదుపాయం ఏంటంటే తూటా పేలకపోతే స్లైడు లాగకుండా ట్రిగ్గర్ మళ్ళీ నొక్కొచ్చు, నిజమైన ఆపదలో దానికంటే మ్యాగజైన్ అడుగున కొట్టి స్లైడు లాగడమే కరెక్ట్ అనుకో, కానీ ఇంట్లో ఖాళీ పిస్టల్‌తో ప్రాక్టీస్ చేసేటప్పుడు బాగుంటుంది. స్మిత్ అండ్ వెసన్ ఎస్‌డీ9 వీఈ అని పాత మోడల్ ఒకటి, 16 రౌండ్లు, గట్టి సరుకే గానీ ట్రిగ్గర్ నొక్కడానికి దాదాపు 8 పౌండ్ల బలం కావాలి, కొత్తవాళ్ళు నొక్కేలోపు గురి కదిలిపోతుంది. దాని తర్వాత వచ్చిన 2.0 లో ట్రిగ్గర్ మార్చారు. రూగర్ సెక్యూరిటీ-9 లో లోపల హ్యామర్, అంటే పిన్నుని కొట్టే సుత్తి లాంటిది, ఉంటుంది, ట్రిగ్గర్ మెత్తగా వస్తుంది. నన్నడిగితే 400 దగ్గర టర్కీ వాళ్ళ కానిక్ టీపీ9 ఎస్‌ఎఫ్, 4.46 అంగుళాల బ్యారెల్, 18 రౌండ్లు, రెండు మ్యాగజైన్లూ, పిస్టల్ పెట్టుకునే ఒర లాంటి హోల్‌స్టరూ డబ్బాలోనే వస్తాయి, ట్రిగ్గర్ మాత్రం దానికి రెట్టింపు రేటు వాటితో పోటీ పడుతుంది. అయితే ట్రిగ్గర్ తేలిక కావడం కొత్తవాడికి మంచీ అవుతుంది చెడూ అవుతుంది, వేలు ఎక్కడుందో చూసుకునే అలవాటు రాకపోతే అది ప్రమాదమే.

మరి గ్లాక్ 17 కి ఆ ఎక్కువ డబ్బులెందుకు? అది 1982లో ఆస్ట్రియా సైన్యం తీసుకున్నప్పట్నుంచీ నలుగుతున్న డిజైను. ఏ షాపుకెళ్ళినా మ్యాగజైన్ దొరుకుతుంది, స్ప్రింగు, సైటు, హోల్‌స్టర్ ఏం కావాలన్నా ఉంటుంది, అమ్మితే మంచి రేటొస్తుంది, మన దగ్గర పాత మారుతీ కార్లకి ఉండే పేరు లాంటిదన్నమాట. ఎక్కువ ఇచ్చేది దానికే. గ్లాక్ తూటా ఎక్కువ తిన్నగా వెళ్తుందని కాదు, 7 గజాల దగ్గర ఇవన్నీ నీకన్నా నాకన్నా బాగానే కాలుస్తాయి. నీ బడ్జెట్‌లో పిస్టల్‌కే 600 పోతే తూటాలకి మిగలవు, ఆ పిస్టల్ అల్మారాలో పడుంటుంది. అలాంటివి మనవాళ్ళ ఇళ్ళల్లో నాకు తెలిసే అరడజను ఉన్నాయి, కొన్నప్పుడు ఒక 50 కాల్చారు, మళ్ళీ ముట్టుకోలేదు.

షాపులో ఎలా చూడాలంటే, కౌంటర్లో వాడు స్లైడు తెరిచి ఖాళీ చూపించి ఇస్తాడు, నువ్వు కూడా తీసుకోగానే తూటా కూర్చునే ఛాంబర్లోకి చూడు, వేలు పెట్టి తడుము, వాడు చూశాడు కదా అనుకోకు. మూతి ఎవరివైపూ తిప్పకు, కౌంటర్ వెనక మనుషులు తిరుగుతుంటారు. గ్రిప్ వెనక భాగాన్ని అరచేత్తో ఎంత పైకి కుదిరితే అంత పైకి పట్టుకుని, చూపుడు వేలి మొదటి కణుపు ట్రిగ్గర్ మీదకి హాయిగా వస్తుందో లేదో చూడు, వేలు సాగదీయాల్సి వస్తే ఆ గ్రిప్ నీది కాదు. గ్రిప్ వెనక మార్చుకునే ముక్కలు, బ్యాక్‌స్ట్రాప్‌లంటారు, ఉంటే చిన్నది వేసి చూపించమను, మన చేతులు ఇక్కడి వాళ్ళ కన్నా చిన్నవే, మీ ఆవిడ చేయి ఇంకా చిన్నది, ఇద్దరూ పట్టుకుని చూడండి. మ్యాగజైన్ బటన్ నొక్కితే దానంతటదే జారి పడాలి. అడిగి ఒకసారి ఖాళీగా ట్రిగ్గర్ నొక్కు, మొదట వదులుగా వస్తుంది, తర్వాత గోడకి ఆనినట్టు ఆగుతుంది, అక్కణ్ణుంచి కొంచెం బలం పెడితే టక్కున తెగాలి, ఇసకలో లాగినట్టు గరగరలాడకూడదు. కొంచెం గరగర ఉంటే 300 రౌండ్ల తర్వాత అదే పోతుంది, కంగారు పడకు. ఇవన్నీ పావుగంట పని. ఇవి చూసుకున్నాక కూడా కొనకు, అదే మోడల్ అద్దెకిచ్చే రేంజ్ ఉంటే 15 డాలర్లిచ్చి ఒక డబ్బా కాల్చి చూడు, డాలస్ చుట్టుపక్కల అలాంటి రేంజ్‌లకి కొదవలేదు.

కొన్నాక అసలు పరీక్ష. ఇంటికి తేగానే విప్పి, ఫ్యాక్టరీ గ్రీజు తుడిచి, మాన్యువల్‌లో చెప్పిన చోట్ల చుక్క చుక్క నూనె వెయ్యి, కొత్తగా డబ్బాలోంచి తీసి అలాగే కాల్చేసి జామ్ అవుతోందని తిట్టుకునేవాళ్ళు సగం మంది. మ్యాగజైన్ల అడుగున మార్కర్‌తో 1, 2, 3 అని నంబర్లెయ్యి. ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ, తూటా అడ్డం పడినప్పుడు ఏ మ్యాగజైన్‌తో పడిందో రాసుకుంటే, పదిసార్లలో చాలాసార్లు తప్పు పిస్టల్‌ది కాదు, ఒకే ఒక్క మ్యాగజైన్‌దని తేలుతుంది. 115 గ్రెయిన్ బరువున్న మామూలు ఎఫ్‌ఎంజే, అంటే లోహపు తొడుగున్న గుండ్రటి మూతి ప్రాక్టీస్ తూటాలు, రెండు మూడు కంపెనీలవి కలిపి 300 కాల్చు, ఇంట్లో పెట్టుకోబోయే, తగిలితే విచ్చుకునే హాలో పాయింట్ తూటాలే ఒక 150, 200 కాల్చు, అది డాలరుకో తూటా, ప్రాణం ఉసూరుమంటుంది, తెలుసు. కానీ హాలో పాయింట్ మూతి మొద్దుగా ఉంటుంది, ఎఫ్‌ఎంజే జారినట్టు జారదు, కొన్ని పిస్టళ్ళు ఒక రకం తూటా తింటాయి ఇంకో రకం తినవు.

నాకు జరిగింది చెప్తా, కంపెనీ పేరొద్దులే. 2015లో ఒక చవక పిస్టల్ కొన్నా, మొదటి 200 వెన్నలా పోయాయి, ఊళ్ళో అందరికీ కొనమని చెప్పేశా. తర్వాత వేరే డబ్బా విప్పితే ప్రతి పదిహేనింటికీ ఒకటి క్లిక్‌మని ఊరుకోవడం, తూటా తీసి చూస్తే దాని వెనక పిన్ను తగిలే చోట, ప్రైమర్ మీద, చిన్న గీత, పిన్ను గట్టిగా తగలట్లేదు. నిజంగా అర్ధరాత్రి అదే జరిగుంటే? వెనక్కి పంపితే మూడు వారాలకి బాగు చేసి పంపారు, తర్వాత 1000 దాటినా ఒక్కటీ ఆగలేదు. అందుకే 500 అంటున్నా, 100 కాల్చి బాగుందని చెప్పేవాడి మాట వినకు, ఆ 2015లో వినదగ్గవాణ్ణి కాదు నేను కూడా. లెక్క ఇలా పెట్టుకో, మొదటి 100లో ఒకటీ రెండూ ఆగితే పట్టించుకోకు, చివరి 200లో ఒక్కటి కూడా ఆగకూడదు. ఆగిందంటే కారణం తెలిసేదాకా అది రేంజ్ పిస్టలే, ఇంటి పిస్టల్ కాదు. అయితే తప్పు నీది కూడా కావచ్చు, మణికట్టు వదులుగా పెడితే స్లైడు పూర్తిగా వెనక్కి వెళ్ళక పేలిన తూటా ఖాళీ కేసు ఇరుక్కుంటుంది, బొటనవేలు స్లైడ్ స్టాప్ మీట మీద ఆనిస్తే చివరి రౌండు తర్వాత స్లైడు తెరుచుకుని ఆగదు. నీకు ఆగినప్పుడల్లా పక్కన అనుభవం ఉన్నవాడి చేతికిచ్చి ఒక మ్యాగజైన్ కాల్పించు, తెలిసిపోతుంది.

గురి గురించి మరీ బుర్ర పాడుచేసుకోకు. 7 గజాల్లో నిదానంగా ఐదు కాలిస్తే అరచేతిలో పట్టాలి, 25 గజాల్లో బెంచి మీద ఆనించి 4 అంగుళాల్లో పడితే ఈ రేటుకి మహా గొప్ప. కుడిచేతి వాటం వాళ్ళకి అన్నీ ఎడమవైపు కిందకి పడుతుంటాయి, వెంటనే సైటు తిప్పడం మొదలెడతారు, సైటు తప్పు కాదు బాబూ, పేలుతుందని ముందే భయపడి చెయ్యి కిందకి తోస్తున్నావ్. ఒక ప్లాస్టిక్ డమ్మీ తూటా కొనుక్కో, నీకు తెలీకుండా మీ ఆవిడని మ్యాగజైన్ మధ్యలో కలిపి పెట్టమను, అది వచ్చినప్పుడు పేలకుండానే పిస్టల్ మూతి కిందకి జర్రున దిగుతుంది, సిగ్గేస్తుంది చూడు. నాకు ఇప్పటికీ దిగుతుంది అప్పుడప్పుడు.

ఇంటి రక్షణ అన్నావు కాబట్టి ఇల్లు సంగతి. ఇవి మన ఊళ్ళో తొమ్మిదంగుళాల ఇటుక గోడలు కావు, చెక్క ఫ్రేముకి రెండువైపులా అట్టముక్కల్లాంటి డ్రైవాల్, 9 ఎంఎం రెండు మూడు గదులు దాటి పోతుంది, హాలో పాయింట్ కూడా గోడలో పిండి నిండి విచ్చుకోకుండా పోవచ్చు. ఎఫ్‌బీఐ వాళ్ళు తూటా, ఒంటి కండకి బదులు వాడే జెల్‌లో, 12 నుంచి 18 అంగుళాలు వెళ్ళాలని పెట్టుకున్న లెక్క 1986లో మయామీలో వాళ్ళ ఏజెంట్ల మీద జరిగిన కాల్పుల తర్వాత వచ్చింది, ఫెడరల్ హెచ్‌ఎస్‌టీ, స్పియర్ గోల్డ్ డాట్ లాంటి హాలో పాయింట్లు ఆ లెక్కకే చేస్తారు, వాటిల్లో నీ పిస్టల్ తినేది తీసుకో. కానీ ఎఫ్‌ఎంజే ఇంట్లో పెట్టుకోకు, అది మనిషిని దాటుకుని కూడా వెళ్తుంది. రాత్రి నీ మంచం దగ్గర నిలబడి హాలు వైపు చూడు, ఆ గీత మీద పిల్లల గది ఉందా, పక్కింటి గోడ ఉందా, ఇవాళే చూసుకో.

ఇంకా పెద్దది, ఎదురుగా ఉన్నది ఎవరు. ఇండియా నుంచి అత్తగారో అమ్మో వస్తారు, జెట్‌ల్యాగ్‌తో రాత్రి మూడింటికి లేచి చీకట్లో స్విచ్చులు వెతుక్కుంటూ కాఫీ గిన్నె పడేస్తుంది పెద్దావిడ. మా ఇంట్లో అచ్చంగా ఇదే జరిగింది, నేను మంచం మీంచి అమ్మా నువ్వేనా అని పిలిచా, అంతే. పిలవాలి, లైటెయ్యాలి, ఆ తర్వాతే ఏదైనా. పిస్టల్ కింద స్ట్రీమ్‌లైట్ లాంటి లైటు పెట్టుకుంటే మంచిదే, 130, 150 అవుతుంది, కానీ దానితో ఇల్లంతా వెతక్కు, లైటు ఎటు చూపిస్తే తుపాకీ అటే చూస్తుంది. మామూలు టార్చి ఒకటి వేరే ఉండాలి. ఇల్లు వెతకడం అసలు నీ పని కూడా కాదు, పిల్లల్ని ఒక గదిలోకి తెచ్చుకుని తలుపేసి 911కి ఫోన్ చెయ్యి.

పెట్టే చోటు. పరుపు కింద, బీరువాలో చీరల మధ్య, ఇవన్నీ పిల్లలు నీకన్నా ముందే కనిపెట్టేస్తారు. టెక్సస్‌లో 17 ఏళ్ళ లోపు పిల్లల చేతికి అందేలా లోడ్ చేసిన తుపాకీ వదిలేస్తే నేరం, ఎవరికైనా ప్రాణం మీదకొస్తే ఇంకా పెద్ద నేరం. బటన్లు నొక్కితే తెరుచుకునే చిన్న స్టీల్ సేఫ్ 150 దగ్గర దొరుకుతుంది, మంచానికో గోడకో బోల్టు వెయ్యి, ఇక్కడ 2021 నుంచి గన్ సేఫ్‌ల మీద సేల్స్ టాక్స్ కూడా లేదు. కోడ్ ఎవరికి తెలియాలి అనేది కూడా ఆలోచించు. ఈ దేశంలో తుపాకీ చావుల్లో సగానికి పైగా ఆత్మహత్యలే, ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్న మన కుర్రాళ్ళని నేను చూశా, ఒకతని పిస్టల్ నాలుగు నెలలు దూరంగా దాపెట్టించాం, తర్వాత వెనక్కి తీసుకుని నవ్వుతూ థ్యాంక్స్ చెప్పాడు. అలాంటి రోజు మీ ఇంట్లో వస్తే మొహమాటపడకు, ఎవరినైనా అడుగు.

డబ్బుల లెక్క చూస్తే, పిస్టల్ 350, మీ దగ్గర టాక్స్ 8.25 శాతం వేస్తే 379. వెయ్యి ప్రాక్టీస్ తూటాలు పావు డాలరు చొప్పున 250, హాలో పాయింట్‌కి ఒక 150, సేఫ్ 150, ఒకరోజు క్లాస్ 125, చెవులకీ కళ్ళకీ 60, రేంజ్ పదిసార్లకి 200. ఎంతయింది, 1300 దాటింది కదా. 400 పిస్టల్ అంటే మొదటి ఏడాది ఖర్చు ఇదీ, మీ ఆవిడకి ఇప్పుడే చెప్పెయ్, నేను చెప్పలేదు, దాని మీద ఒక వారం మాటలు లేవు మా ఇంట్లో. చెవుల దగ్గర కక్కుర్తి పడకు, 9 ఎంఎం మోత 160 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది, లోపలి రేంజ్‌లో లోపల ప్లగ్గులూ పైన మఫ్సూ రెండూ పెట్టుకో.

మర్చిపోయా, సీసం. ఇండోర్ రేంజ్‌లో గాల్లో సీసం దుమ్ముంటుంది, ఇంటికొచ్చి పసిపిల్లని ఎత్తుకునే ముందు సబ్బుతో చల్లనీళ్ళతో చేతులూ మొహం కడుక్కో, బట్టలు మార్చుకో, మీ ఆవిడ కడుపుతో ఉంటే ఆ నెలల్లో ఆవిడ రేంజ్‌కి అసలు రావద్దు. చెప్పులు బయట విడిచే అలవాటు మనకెలాగూ ఉంది, ఆ రోజు బూట్లు గరాజ్‌లోనే ఉండనీ. ఈ వచ్చే శనివారం కుదిరితే మెసేజ్ పెట్టు, నా కానిక్ ఒకటి, గ్లాక్ ఒకటి తెస్తా, రెండూ కాల్చి చూసుకుందువు గానీ. మెడ దగ్గర మూసుకుపోయే టీషర్ట్ వేసుకురా, ఖాళీ కేసు మరిగే వేడితో ఎగిరొచ్చి కాలర్‌లోంచి లోపల పడితే చేతిలో పిస్టల్ పెట్టుకుని గెంతులెయ్యడం కుదరదు, పడినా సరే మూతి ముందుకే పెట్టి, వేలు తీసేసి, బల్ల మీద దించి ఆ తర్వాత గెంతు.